కొండ దిగే ఆవులు

సెప్టెంబరు నెల సగం గడిచేసరికి స్విట్జర్లాండు కొండపల్లెలలో ఉదయపు రూపు మారుతుంది. మధ్యాహ్నపు ఎండలో వెచ్చదనం ఇంకా మిగిలే ఉంటుంది. కాని తెల్లవారుజామున గడ్డిపరకలమీద మంచు ఉప్పు చల్లినట్టు పేరుకొని కనిపిస్తుంది. చూరులకింద గూళ్లు కట్టుకొన్న వలసపిట్టలు అప్పటికే దక్షిణదిశకు సాగిపోయి ఉంటాయి. ఇళ్ల గోడలవెంట చీల్చిన కట్టెలు కిటికీల ఎత్తుదాకా పేర్చి ఉంటాయి. పెరటిలోని బంగాళాదుంపలను తవ్వి నేలమాళిగకు చేర్చే పని ఒకరిది. రెండవ కోత గడ్డిని వాన పడకముందే సావిడికెక్కించే పని మరొకరిది. వేటకు అనుమతి లభించేదీ ఈ కాలంలోనే. కనుక తుపాకి భుజాన వేసుకొని, షామోయ్ అనే కొండమేకను వెదుకుతూ వేకువనే అడవిదారి పట్టేవారు కొందరు. నెలలో మూడవ ఆదివారం కృతజ్ఞతకు, పశ్చాత్తాపానికి, ప్రార్థనకు కేటాయించిన దినం. స్విస్ సమాఖ్య 1832లో నిర్ణయించిన ఆ తేదీ నేటికీ మారలేదు.

ఇన్ని పనుల నడుమ కూడ ఊరివారి చెవి మాత్రం పైనున్న కొండవైపే ఉంటుంది. ఏదో ఒక ఉదయం అక్కడినుంచి గంటల మోత వినవస్తుంది. మొదట సన్నగా, పిదప లోయంతా మారుమ్రోగేటట్టుగా. జూన్ నెలలో కొండమీదికి పోయిన ఆవులు ఊరికి తిరిగి వస్తున్నాయన్నమాట.

ఆ రాక చూడవలసినదే. ముందు నడిచే ఆవు కొమ్ములకు పూలు, దేవదారు రెమ్మలు కట్టి ఉంటాయి. మెడలో వేలాడే గంట పసిపిల్లవాడి తలకంటె పెద్దది. కొన్ని సీమలలో పాలు పితికేటప్పుడు కూర్చొనే ఒంటికాలి పీటను సైతం తలక్రిందులుగా ఆవు కొమ్ముల నడుమ కట్టి అలంకరిస్తారు. వాలే ప్రాంతపు నల్లని ఎరాన్స్ జాతి ఆవులది మరొక ముచ్చట. వేసవి ఆరంభంలో కొండకెక్కిన నాడే అవి తమలో తాము కొమ్ములు కలిపి పోరాడి, మందకు పెద్ద ఎవరో తేల్చుకొంటాయి. గెలిచిన ఆవును రాణి అంటారు. దిగేటప్పుడు ఆ రాణికే అగ్రస్థానం. అయితే వేసవిలో కొండమీద పశువుకుగాని, మనిషికిగాని ప్రాణహాని జరిగి ఉంటే ఆల్ప్స్ సీమలో పలుచోట్ల ఈ అలంకారాలన్నీ మానివేస్తారు. మంద ఆ యేడు పూలు లేకుండానే దిగుతుంది. చూసినవారికి ఎవరూ చెప్పకుండానే సంగతి అర్థమవుతుంది.

దూరంనుంచి కెమెరాలతో వచ్చినవారికి ఇది ఒక ఉత్సవం. ఊరివారికి ఉత్సవమే, కాని అంతకుమించి అది లెక్కలు చూసుకొనే దినం. వేసవి ఏమి ఇచ్చింది, అందులో ఎవరి వంతు ఎంత, రానున్న చలికాలానికి ఎన్ని పశువులను పోషించగలం అన్న మూడు ప్రశ్నలకు ఆ కొద్ది వారాలలోనే సమాధానం దొరకాలి. ఆ సమాధానాలు వెదికే పద్ధతి ఈ పల్లెలలో అయిదు శతాబ్దాలకు పైబడినది. దాని విలువను ప్రపంచం గుర్తించడానికి మాత్రం చాలాకాలం పట్టింది.

మూడు మెట్ల సేద్యం

ఆల్ప్ అన్న మాటకు బయటివారు పర్వతమని అర్థం చెప్పుకొంటారు. అక్కడివారికి మాత్రం ఆల్ప్ అంటే శిఖరం కాదు. అడవికి పైన, రాతికి దిగువన, మంచు కరిగిన తరువాత కొద్ది నెలలు మాత్రమే పచ్చగా ఉండే మేత బయలు. స్విట్జర్లాండు వ్యవసాయ భూమిలో సుమారు మూడవ వంతు ఇటువంటి వేసవి పచ్చికలే.

ఆ దేశపు నైరుతి మూలనున్న రోన్ నది లోయను ఫ్రెంచి మాట్లాడేవారు వాలే అనీ, జర్మన్ మాట్లాడేవారు వాలిస్ అనీ పిలుస్తారు. అందులో ఫిస్ప్ పట్టణంనుంచి దక్షిణంగా చీలిపోయే లోయవాలున, సముద్రమట్టానికి దాదాపు 1,500 మీటర్ల ఎత్తున టోర్బెల్ అనే చిన్న గ్రామం ఉన్నది. అక్కడి రైతు జీవితం పూర్వం మెట్లమీది జీవితం. దిగువ వాలులో ద్రాక్షతోట, కొంచెం పైన రై ధాన్యపు చెలక, ఊరి చుట్టూ గడ్డిభూములు, వాటిపైన అడవి, అన్నిటికీ పైన ఆల్ప్. ద్రాక్ష, ధాన్యం, గడ్డి పండే నేలలు ఎవరివి వారివి. అడవి, ఆల్ప్, కాలిబాటలు, సాగునీటి కాలువలు ఊరందరివి. ఫిస్ప్ లోయ స్విట్జర్లాండులో వాన అతి తక్కువగా పడే ప్రాంతాలలో ఒకటి. కనుక మంచుకొండల నీటిని కొండవాలుల వెంట కాలువలు తవ్వి తెచ్చుకొని వంతులవారీగా వాడుకొనేవారు. మన చెరువుల కింద నీరుకట్టు వంతులను ఎరిగినవారికి ఆ ఏర్పాటు కొత్తగా తోచదు.

పశువులను వేసవిలో కొండకు ఎందుకు తోలాలి? పైన గడ్డి ఉన్నదికాబట్టి అన్నది సగం జవాబే. రెండవ సగం ఊరి చుట్టూ ఉన్న గడ్డిభూములలో ఉన్నది. పశువులు పైన మేస్తున్నంతకాలం కింది గడ్డి తొక్కుడు పడకుండా ఏపుగా ఎదుగుతుంది. ఆ గడ్డిని కోసి, ఎండబెట్టి, సావిడిలో నింపుకోవాలి. ఎందుకంటే మంచు పడిన తరువాత ఆవు కొట్టం దాటి బయటకు రాదు. ఒక చిన్న జాతి ఆవుకు రోజుకు పన్నెండు కిలోల ఎండుగడ్డి చాలుననుకొన్నా, రెండువందల రోజుల చలికాలానికి 2,400 కిలోలు కావాలి. ఏటవాలు నేలపై యంత్రాలు రాని రోజులలో ఈ గడ్డినంతటినీ కొడవళ్లతో కోసి వీపుపై మోసి తెచ్చేవారు. నలుగురు పిల్లలున్న ఇంటికి రెండు ఆవులుంటే, ఆగస్టు నెలలో ఆ ఇంట ఎవరికీ తీరిక ఉండేది కాదు.

ఒకే వాక్యంలో శాసనం

అందరికీ చెందిన పచ్చిక బయలు ఉన్నచోట ఒక చిక్కు తప్పదు. తన ఆవుతో బాటు మరొక ఆవును తోలితే ఆ లాభమంతా తనది. గడ్డి తరిగిపోయిన నష్టం మాత్రం ఊరందరిది. ఈ ఆలోచన ప్రతి ఇంటివాడికీ కలిగితే కొన్నేళ్లలో కొండమీద మట్టి తప్ప మరేమీ మిగలదు. మన పల్లెలలో బంచరాయి భూముల చరిత్ర తెలిసినవారికి ఇది వేరుగా వివరించనక్కరలేదు.

టోర్బెల్ ప్రజలు 1483 ఫిబ్రవరి 1న ఒక ఒప్పందం వ్రాసుకొని, ఆల్ప్‌ను, అడవిని, బంజరును కలసి నిర్వహించుకొనే సంఘంగా ఏర్పడ్డారు. 1507లో సొంత భూములకు, ఉమ్మడి భూములకు నడుమ హద్దులు స్థిరపడ్డాయి. 1517లో వారు ఏర్పరచుకొన్న నియమం ఒక్క వాక్యానికి మించదు: ఎవరైనా సరే, తాను చలికాలమంతా పోషించగలిగినన్ని ఆవులకంటె ఎక్కువ ఆవులను ఆల్ప్‌కు తోలరాదు.

ఈ నియమంలోని తెలివి పైపైన చూస్తే బోధపడదు. కొండమీది గడ్డి ఎంత ఉన్నదో కొలవడం ఎవరికీ సాధ్యం కాదు; అది వానను బట్టి, మంచును బట్టి ఏటేటా మారుతుంది. సావిడిలోని ఎండుగడ్డిని మాత్రం ఎవరైనా కంటితో కొలవవచ్చు. వసంతంలో సంతనుంచి పదిమంది పశువులను చవుకగా కొని, వేసవంతా ఊరి గడ్డితో బలిపించి, శరదృతువులో అమ్ముకొందామనుకొనే వర్తకుడికి ఈ నియమం తలుపు మూసింది. ఆవులు కొండకెక్కే నాడే అందరి ఎదుట లెక్కపెట్టేవారు. మీరినవారికి విధించే జరిమానా స్వల్పమైనది కాదు. జరిమానా వసూలు చేసే అధికారికి అందులో సగం దక్కేది; కనుక ఆయన కన్ను మూసే అవకాశమూ తక్కువ. చలికాలం ఎవరి మాటా వినదు, ఎవరినీ మన్నించదు. వేసవి హక్కును చలికాలానికి ముడివేయడంలో ఆ పల్లెవారు ఎవరూ తప్పు పట్టలేని న్యాయమూర్తిని ఎన్నుకొన్నారు.

ఇది అందరికీ సమానమైన వంతులిచ్చే పద్ధతి కాదన్నది నిజం. గడ్డిభూమి ఎక్కువగా ఉన్నవాడికి ఆవులూ ఎక్కువే. కాని టోర్బెల్‌లో ఆస్తి కొడుకులకు, కూతుళ్లకు సమానంగా పంచేవారు. అందువల్ల ఒక తరంలో పెద్దదైన కమతం మరు తరంలో ముక్కలయ్యేది. కలిమి ఒకే ఇంట పాతుకుపోవడం కష్టమయ్యేది.

పంపకపు దినం

ఆల్ప్‌పై గడిపే మూడు నెలలలో పాలు పాలుగా ఊరికి చేరవు. వాటిని అక్కడే పెద్ద రాగి కాగులలో కాచి, తోడువేసి చీజుగా మారుస్తారు. మన జున్నుకు దీనికి పోలిక పేరులోనే. పాల విరుగును అచ్చులలో పిండి, ఉప్పునీటితో తుడుస్తూ, తిప్పుతూ, నెలల తరబడి మాగబెట్టిన గట్టి ముద్ద ఇది. సుమారు పది లీటర్ల పాలు ఒక కిలో చీజు అవుతాయి. వేసవి గడ్డిని చలికాలపు ఆహారంగా నిలువచేసే ఉపాయాలలో ఎండుగడ్డి పశువుకు, చీజు మనిషికి.

మందలో అందరి ఆవులూ ఉన్నప్పుడు చీజును ఎట్లా పంచుకోవాలి? బెర్న్ సీమలో, తూన్ సరస్సుకు ఎగువనున్న యుస్టిస్ లోయలో నేటికీ ప్రతి సెప్టెంబరులో ఈ పంపకం బహిరంగంగా జరుగుతుంది. వేసవిలో ఎవరి ఆవులు ఎన్ని పాలు ఇచ్చాయో ఆ లెక్కనుబట్టి ఎవరికి ఎంత రావాలో నిర్ణయిస్తారు. కొయ్య గిడ్డంగులలోనుంచి చీజు చక్రాలను ఒకరి చేతినుంచి ఒకరి చేతికి అందించుకొంటూ బయటకు తెచ్చి, గడ్డిమీద దొంతులుగా పేరుస్తారు. ఒక్కొక్క దొంతిలో పాతవీ, కొత్తవీ, పెద్దవీ, చిన్నవీ కలసి ఉంటాయి. ఏ దొంతి ఎవరిదో చీట్లు తీసి తేలుస్తారు. వంతు ఎంతన్నది శ్రమ నిర్ణయిస్తే, ఏ దొంతి అన్నది అదృష్టం నిర్ణయిస్తుంది. పేర్చినవాడికి తనకు ఏది వస్తుందో తెలియదు గనుక దొంతులు సమానంగా పేర్చడమే అతనికి క్షేమం.

టోర్బెల్ అడవిలోనూ ఇదే నీతి. కొట్టదగిన చెట్లను అటవీ అధికారి గుర్తుపెట్టేవాడు. ఊరివారు జట్లుగా చేరి, కలసి కొట్టి, సమానమైన మోపులుగా పేర్చి, చీట్లు వేసుకొనేవారు. ఇంటి గోడవెంట పేర్చి ఉన్న కట్టెల వెనుక ఇంత కథ ఉన్నదని దారిన పోయేవారికి తెలియదు.

పండితుల వాదం, పల్లె సాక్ష్యం

1968లో గారెట్ హార్డిన్ అనే అమెరికన్ జీవశాస్త్రజ్ఞుడు ఉమ్మడి వనరుల విషాదాన్ని గురించి వ్రాసిన వ్యాసం ప్రపంచమంతటా చర్చకు దారితీసింది. అందరిదైన పచ్చిక నాశనం కాక తప్పదన్నది ఆయన వాదం. దాన్ని రక్షించాలంటే ప్రభుత్వమైనా తన చేతిలోకి తీసుకోవాలి, లేదా ముక్కలుచేసి వ్యక్తులకైనా అప్పగించాలి అన్నది ఆ వాదాన్ని నమ్మినవారు తీసిన సారాంశం. చాలా దేశాలలో ఉమ్మడి భూముల విధానాలను రూపొందించినవారు ఈ మాటనే ప్రమాణంగా గ్రహించారు.

ఆ రోజులలోనే రాబర్ట్ నెటింగ్ అనే మానవశాస్త్రజ్ఞుడు టోర్బెల్‌లో నివసించి, ఊరి దస్తావేజులను, చర్చి పుట్టుక, పెళ్లి, చావు పుస్తకాలను శ్రద్ధగా పరిశీలించాడు. 1981లో వెలువడిన ఆయన గ్రంథం ఈ చిన్న పల్లె శతాబ్దాల తరబడి తన కొండను పాడుచేసుకోకుండా ఎట్లా బ్రతికిందో వివరించింది. రాజకీయ శాస్త్రవేత్త ఎలినార్ ఆస్ట్రమ్ 1990లో ప్రచురించిన తన గ్రంథంలో టోర్బెల్‌ను ఒక ప్రధాన ఉదాహరణగా స్వీకరించింది. జపాను కొండపల్లెలు, స్పెయిన్ సాగుకాలువలు, ఫిలిప్పీన్స్ నీటి సంఘాలు ఆమె చూపిన ఇతర సాక్ష్యాలు. 2009లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమతి ఆమెను వరించింది. ఆ శాస్త్రంలో ఆ గౌరవం పొందిన తొలి మహిళ ఆమెయే.

హార్డిన్ చెప్పిన విషాదం జరగదని ఆస్ట్రమ్ అనలేదు. ఎవరికీ చెందని బయలు వేరు, ఒక ఊరికి చెందిన బయలు వేరు అన్నది ఆమె చూపిన తేడా. హద్దు ఎక్కడో, సభ్యులెవరో, నియమమేమిటో, మీరితే ఏమవుతుందో అందరికీ తెలిసినచోట, ఆ నియమాన్ని అక్కడివారే చేసుకొని మార్చుకోగలిగినచోట పచ్చిక నిలుస్తుంది. టోర్బెల్ దీనికి నిలువెత్తు సాక్ష్యం.

గోడకు రెండవ వైపు

హద్దు గీసిన ప్రతిచోటా హద్దుకు అవతలివారు కూడ ఉంటారు. 1483 నాటి ఒప్పందమే ఒక సంగతి స్పష్టం చేసింది: పరాయివాడు ఊరిలో భూమి కొన్నంతమాత్రాన అతనికి ఆల్ప్‌లోగాని, అడవిలోగాని హక్కు రాదు. అతనిని చేర్చుకోవాలా వద్దా అన్నది అప్పటికే హక్కున్నవారి ఇష్టం. పచ్చికను కాపాడిన గోడయే మనుషులను వెలుపల నిలిపింది. లోపలి జనాభా అదుపులో ఉండడానికీ మూల్యం చెల్లించవలసివచ్చింది. ఆలస్యంగా పెళ్లిళ్లు, పెళ్లి లేకుండానే గడచిన జీవితాలు, ఊరు విడచి పోయినవారు — నెటింగ్ పరిశీలనలో ఇవన్నీ బయటపడ్డాయి.

గడ్డి కోసి మోసిన చేతులలో సగం స్త్రీలవే. కాని స్విస్ సమాఖ్య ఎన్నికలలో వారికి ఓటు హక్కు 1971లోగాని రాలేదు. టోర్బెల్‌కు చేరువలోనే, అదే కొండవరుసలో ఉంటర్‌బేక్ అనే గ్రామం ఉన్నది. 1957 మార్చిలో ఆ గ్రామ పాలకవర్గం చట్టం అనుమతించకపోయినా స్త్రీలను ఓటు వేయనిచ్చింది. ఆ ఓట్లు లెక్కలోకి రాలేదు. అయినా ఓట్లపెట్టె ముందుకు తమ గ్రామపు స్త్రీలు నడచివచ్చిన ఆ దినాన్ని ఆ ఊరు నేటికీ గర్వంగా చెప్పుకొంటుంది.

తలక్రిందులైన లెక్క

1517లో ఊరివారికి కలిగిన భయం ఆవులు ఎక్కువై పోతాయేమోనని. నేటి భయం అవి తక్కువై పోతాయేమోనని. లోయలోని కర్మాగారాలు, కార్యాలయాలు, పర్యాటక వ్యాపారం కొండపల్లెల యువతను కిందికి దించివేశాయి. పగలు కర్మాగారంలోను, సాయంకాలం గడ్డిభూమిలోను పనిచేసినవారి తరం ఒకటి గడచింది. మేత లేనిచోట ముందు పొదలు, పిదప చెట్లు వచ్చి పచ్చికను ఆక్రమించుకొంటాయి. ఆల్ప్స్‌లో అడవి ఏటేటా పైకి, పక్కలకు వ్యాపిస్తున్నది. అందువల్లనే వేసవిలో కొండమీద మేపిన పశువుల లెక్కన ప్రభుత్వం రైతులకు సహాయధనం ఇస్తున్నది. పూర్వం ఎక్కువ ఆవులను తోలినవాడికి జరిమానా. నేడు ఆవులను తోలేవాడికి ప్రోత్సాహకం!

కొండకూడ మునుపటిది కాదు. ఆ దేశంలో ఒకప్పుడు పూర్తిగా అంతరించిన తోడేలు 1990లలో ఇటలీ వైపునుంచి తిరిగివచ్చింది. గొర్రెలను ఒంటరిగా విడిచే రోజులు పోయాయి. 2018 వేసవిలో ఆల్ప్‌లపై ఊటలు ఎండిపోతే, దాహంతో ఉన్న పశువులకోసం సైనిక హెలికాప్టర్లు నీరు మోసుకుపోవలసివచ్చింది. 2025 మే 28న వాలే ప్రాంతంలోనే లోట్షెన్ లోయలోని బ్లాటెన్ గ్రామంపై హిమానీనదం, దానిమీద కూలిపడిన కొండరాళ్లతో సహా విరుచుకుపడింది. ఊరు చాలవరకు కప్పబడిపోయింది. నిపుణుల హెచ్చరికతో సుమారు మూడువందలమంది నివాసులను, వారి పశువులతో సహా, కొన్ని రోజులముందే తరలించారు. అయినా ఒక ప్రాణం పోయింది. ఎండుగడ్డిని చూసి చలికాలాన్ని కొలవడం తెలిసినవారికి కూడ కరుగుతున్న కొండను కొలవడానికి ఆ పాత కొలబద్ద సరిపోదు.

2023 డిసెంబరులో యునెస్కో స్విట్జర్లాండు ఆల్ప్ పశుపోషణ కాలాన్ని మానవాళి సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. పాత సాగుకాలువల పద్ధతికి కూడ, మరికొన్ని ఐరోపా దేశాలతో కలిపి, అదే సమయంలో ఆ గౌరవం దక్కింది. గౌరవం మంచిదే. కాని జాబితాలో పేరు ఎక్కినంతమాత్రాన గడ్డి కోసేవారు పుట్టుకురారు. ఆ పద్ధతిని నిలిపేది దానిని అనుసరించే ఇంటింటి నిర్ణయమే.

అక్టోబరు వచ్చేసరికి అడవిలో లార్చ్ చెట్లు పసుపురంగు దాల్చి ఆకులు రాలుస్తాయి. కొండ దిగిన ఆవులు ఊరిచుట్టూ మిగిలిన మూడవ పెరుగుదల గడ్డిని కొన్ని వారాలు మేస్తాయి. పెద్ద గంటలు తుడిచి చూరుకింద మేకులకు తగిలిస్తారు. అప్పుడు ఇంటి యజమాని సావిడి నిచ్చెన ఎక్కి గడ్డిని చేతితో నొక్కి చూస్తాడు. ఎన్ని పశువులు, ఎన్ని రోజులు అని మనసులో గుణించుకొంటాడు. చాలని పక్షంలో ఒక ఆవును సంతకు తోలక తప్పదు. ఏ ఆవును అన్నది ఆ రాత్రి ఇంట్లో జరిగే చర్చ. పిల్లలు పేరుపెట్టి పిలుచుకొనే ఆవు కావచ్చు. ముసలిదై పాలు తగ్గినది కావచ్చు.

మొదటి మంచు పడి తలుపులు మూసుకొన్న తరువాత ఆ లెక్కలో ఇక మార్పు ఉండదు. వచ్చే జూన్‌లో కొండకెక్కే మంద ఎంతన్నది ఆ రాత్రే నిర్ణయమవుతుంది.